ప్రొటీన్‌తో బంగారు నానోకణాలు: నన్ను ఏడిపించిన పీహెచ్

బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) ప్రొటీన్‌తో బంగారు నానోక్లస్టర్లు (కొద్ది పరమాణువులే ఉండే అతి చిన్న కణాలు) చెయ్యబోయేవాళ్ల కోసం, ఆ మంట చల్లారకముందే రాస్తున్నాను.

గాజుసామాను ఆక్వారేజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కడగడం, ప్రొటీన్‌ని నురగ లేకుండా కరిగించడం, 37 డిగ్రీల దగ్గర కలపడం సాఫీగానే అయిపోయాయి. చుక్కలు చూపించింది పీహెచ్ ఒక్కటే.

మా ల్యాబ్‌లో చేతులు మారుతూ వచ్చిన నోట్‌బుక్‌లో 'పీహెచ్ 11' అని ఉంది. అంతే. బంగారం కలపకముందా, కలిపాకా? ఆ ముక్క లేదు. ప్రొటీన్ ద్రావణాన్ని 11కి తెచ్చి బంగారం పోస్తే, మర్నాటికీ యూవీ లైటు కింద ఎరుపు జాడే లేదు. ఆ ఎర్రని వెలుగే క్లస్టర్లు తయారయ్యాయనడానికి గుర్తు. ఎన్నిసార్లు చేసినా అంతే. గ్రూప్ మీటింగ్‌లో ఒక సీనియర్ అందరి ముందూ "సీసాలు కడగడం కూడా రాదా?" అన్నారు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

తప్పు సీసాలది కాదు. బంగారం కలిపాక పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ ముంచితే రీడింగ్ 9 కంటే కిందికి జారిపోయి ఉంది. బంగారం అని మనం పోసేది క్లోరోఆరిక్ ఆమ్లం. పైగా బంగారం చుట్టూ ఉన్న క్లోరైడ్లు ఊడి ఆ చోట్లలో హైడ్రాక్సైడ్లు చేరతాయి, అలా ఇంకొంత క్షారం ఖర్చయిపోతుంది. బంగారానికి ఎలక్ట్రాన్లు ఇవ్వాల్సింది ప్రధానంగా ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం. దాని పీకేఏ (అందులో సగం ప్రోటాన్ వదిలేసి ఉండే పీహెచ్) దాదాపు 10. పీహెచ్ అంతకు బాగా తగ్గితే అది ఆ పని చెయ్యదు. 2009లో వచ్చిన అసలు పద్ధతిలో సోడియం హైడ్రాక్సైడ్ వేసేది బంగారం కలిపిన రెండు నిమిషాలకు. నోట్‌బుక్ రాసినవాళ్లు ఆ వరసే మింగేశారు.

కలిపాక క్షారం వేసి 12 దాకా తెచ్చాను. తెల్లారేసరికి ముదురు గోధుమరంగు, యూవీ కింద నిప్పుకణికలా ఎరుపు. తర్వాతి మీటింగ్‌లో లైట్లు ఆర్పించి మరీ ఆ సీసా చూపించాను. ఎవరూ మాట్లాడలేదు.

పద్ధతి రాసేటప్పుడు పీహెచ్ ఏ దశలో కొలిచారో చెప్పకపోవడం అన్యాయం. వెనక వచ్చేవాళ్ల కాలం, బంగారం రెండూ బూడిదపాలవుతాయి.

ఆమ్లం వైపు వెళ్తే 4.7 దగ్గర జాగ్రత్త. అక్కడ బీఎస్ఏ మీద నికర ఆవేశం ఉండదు, కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. ఎలక్ట్రోడ్‌కి ప్రొటీన్ పట్టేస్తే రీడింగ్ నిలవదు. నీళ్లతో కడిగితే చాలనేవాళ్ల మాట వినకండి, ప్రొటీన్‌ని కరిగించే ఎంజైమ్ పెప్సిన్ కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టండి.