పోతన 'నే' మీద పడిన గురువు

మొన్న ఆదివారం హన్మకొండలో అక్క వాళ్లింటికి పోతే, పదో తరగతి చదివే మేనకోడలు పెన్సిల్ పట్టుకుని టెన్షన్‌తో కూర్చుంది. "మామా, ఒక మాత్ర తక్కువొస్తుంది, ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే" అంది. పద్యం చూస్తే మన బమ్మెర పోతనది.

పలికెడిది భాగవతమట
పలికించువిభుండు రామభద్రుండట నే
పలికిన భవహరమగునట
పలికెద వేరొండు గాథ పలుకగనేలా

కందం. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర; బరువైనది గురువు, రెండు మాత్రలు. అన్నీ నాలుగు మాత్రల గణాలే, మొదటి పాదంలో 3, రెండో పాదంలో 5, కింది రెండు పాదాలూ అంతే. తప్పు 'రామభద్రుండట' దగ్గర దొరికింది. 'భ' మీద లఘువు గుర్తు పెట్టింది, వెనకే 'ద్రుం' సంయుక్తాక్షరం ఉంది కాబట్టి అది గురువు. లఘువనుకుంటే, పై పాదంతో కలిపి లెక్కపెట్టినప్పుడు ఏడో గణమైన 'భద్రుండ' జగణం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది, కందంలో బేసి గణంగా జగణం రాకూడదు, చివర 'టనే'కి మిగిలేవి మూడు మాత్రలే. చెరిపి మళ్లీ రాసింది: 'భద్రుం' గగ (రెండు గురువులు), 'డటనే' సగణం (రెండు లఘువులు, ఒక గురువు). యతి, అంటే ఐదు గణాల పాదంలో మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, ఇక్కడ ప–భ; ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, లకారం. హోంవర్క్ అయిపోయింది.

నాకు మాత్రం ఆ 'నే' మీద నుంచి చూపు కదల్లేదు. ఎనిమిదో గణం చివర గురువు ఉండి తీరాలి, అది కందం నియమం, సరిగ్గా ఆ చోట పోతన 'నే' అన్నాడు. వాక్యం అక్కడ పూర్తి కాలేదు, కింది పాదంలోకి పోతుంది, అయినా పైకి చదివితే గొంతు అక్కడ కాస్త నిలబడుతుంది. ఆ వెంటనే 'పలికిన భవహరమగునట', పన్నెండూ లఘువులే, వెతికినా ఒక్క గురువు లేదు! 'నేను' అన్న చోట అంత బరువు, భవం పోతుందట అన్న చోట ఏ బరువూ లేదు. లెక్కలేసుకుని రాశాడని నేననను, అలాంటి చెవి ఉన్నవాడికి మాట అలాగే పడుతుంది.

ఇంకొకటి, మూడు పాదాల్లో 'అట' ఉంది, అట, అట, అట, అన్నీ విన్న మాటలే. నాలుగో పాదంలో లేదు. అక్కడ 'పలికెద' అని తన నిర్ణయం తనే చెప్పేశాడు.

'పలుకు' ఎన్నిసార్లొచ్చిందో చూడమన్నాను. పాదాల మొదట్లో నాలుగూ గబగబా సున్నాలు చుట్టేసి, ఐదోదాని కోసం చివరి పాదమంతా వేలు పెట్టి చదివింది. "మామా, ఇది యతి ఉన్న చోటే ఉంది!"