మొదటి తలుపు కొత్తమ్మాయిదే

ధనుర్మాసం పట్టిందంటే తిరుపతిలో మా వీధి నాలుగింటికే మేలుకుంటుంది. వాకిట్లో నీళ్ళు చల్లే చప్పుడు, గోవిందరాజస్వామి గుడి వైపు నుంచి మైకులో పాశురం, అంటే తమిళ భక్తి పాట. ఈ నెలంతా కొండ మీద స్వామికి సుప్రభాతం ఉండదు, ఆండాళ్ తల్లి పాడిన తిరుప్పావైతోనే మేలుకొలుపు.

ఆ ముప్పై పాశురాల్లో ఆరు నుంచి పదిహేను దాకా ఉన్న పదీ స్వామిని లేపేవి కావు, స్నేహితురాళ్ళను లేపేవి. గోపికలు ఒక్కో ఇంటి ముందు నిలబడి తెల్లారిందమ్మా, ఇంకా నిద్రేనా అని పిలుస్తారు. కావలసింది కృష్ణుడైతే నేరుగా నందగోపుడి ఇంటికి పోకుండా ఈ పది ఇళ్ళ తిరుగుడు ఎందుకని చిన్నప్పుడు మా అవ్వను అడిగినాను. "ఒక్కతే పోతే ఏం బాగుంటుందే?" అనింది అవ్వ. ఇంకేమీ చెప్పలేదు.

ఆ మాట నాకు తలకెక్కింది మస్కట్‌లో.

ఆయన ఉద్యోగం కోసం మేము అక్కడికి పోయేనాటికి పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. మస్కట్‌లోని రువీ ప్రాంతంలో, నాలుగో అంతస్తులో అద్దె ఇల్లు. ఆదివారం నుంచి గురువారం దాకా ఆయన ఆఫీసు, వాడి స్కూలు. శుక్రవారం సెలవు ఉన్నా పోవడానికి ఎవరిల్లూ తెలియదు. ఎండాకాలం పిల్లలను బయట ఆడించే వీలే లేదు. చిన్నది కారిడార్‌లో కూర్చుని లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి చూసేది. "మనింటికి ఎవరూ రారా అమ్మా?" అని అడిగిన రోజు నాకు అన్నం దిగలేదు. అయినా నేను ఏ తలుపూ తట్టలేదు. కొత్తగా వచ్చింది మేము, వాళ్ళే వచ్చి పలకరించాలి అనుకుంటూ కూర్చున్నాను.

డిసెంబరులో నెలగంట పట్టింది, అంటే ధనుర్మాసం మొదలైంది. అక్కడ ఐదైతే ఇక్కడ తిరుపతిలో ఆరున్నర. అమ్మ అప్పటికే గుడికి పోయి వచ్చి ఫోన్ చేసేది. ఒకరోజు కట్టెపొంగలి కోసం నేతిలో మిరియాలు, జీలకర్ర వేయించుకుంటూ ఆరో పాశురం చెప్పుకుంటున్నాను. పక్షులు కూశాయి, గరుడవాహనుడి గుడిలో తెల్లని శంఖం మోగింది, వినలేదా అని అడిగే పాశురం అది. అదే వేళకు మా కిటికీలోంచి అజాన్ వినబడింది. ఆ పాశురంలో లోపలున్న పిల్లను "పిళ్ళాయ్" అని పిలుస్తారు. ఆమె కృష్ణభక్తికి కొత్తది, అందరితో కలిసి పోవాలని ఇంకా తెలియనిది అని పెద్దల వ్యాఖ్యానం. పది ఇళ్ళలో మొదటి తలుపు ఆ కొత్తపిల్లదే.

అన్నాళ్ళూ ఆ కొత్తపిల్ల నేనే అనుకున్నాను. కానీ ఎదురింట్లో ఒక ఈజిప్టు కుటుంబం దిగి అప్పటికి రెండు వారాలే. వాళ్ళ గుమ్మం బయట చిన్న గులాబీ రంగు చెప్పులు రోజూ చూస్తూనే ఉన్నాను.

అవ్వ పేరు కొట్టించిన స్టీలు గిన్నె ఒకటి పెళ్ళప్పుడు నాతో వచ్చింది. దాని నిండా పొంగలి పెట్టుకుని పోయి తలుపు తట్టాను. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు అరబ్బీ అసలు రాదు. మాంసం లేదు, బియ్యం, పెసరపప్పు, నెయ్యి అని చేతులతో చెప్పాను. ఆమె వెనక నుంచి ఒక చిన్నపిల్ల తల బయటపెట్టింది. అప్పటికే నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడిన మాది కూడా తల బయటపెట్టింది.

రెండు రోజులకు గిన్నె తిరిగి వచ్చింది. ఖాళీగా కాదు, బస్బూసాతో. మన రవ్వ కేసరిని ముక్కలు కోసి పాకంలో నానబెట్టినట్టు ఉంటుంది. గిన్నెను ఖాళీగా పంపకూడదని ఆమెకు ఎవరు చెప్పారో!

తరువాత స్కూలు బస్సు దగ్గర మలయాళీ అమ్మ, కింది అంతస్తులో సూడాన్ వాళ్ళు, ఇలా ఒక్కో తలుపూ తెరుచుకుంది. పరాయి దేశంలో మన తెలుగువాళ్ళు దొరికితే చాలనుకుంటాం. ఉగాదికి వాళ్ళు కావాలి, పిల్లలకు భాష రావాలి, అది కాదనను. కానీ పదిహేనో పాశురంలో గోపికలు "ఉనక్కెన్న వేఱుడైయై" అని అడుగుతారు, నీకొక్కదానికే వేరే ఏముందని. నలుగురు తెలుగువాళ్ళం తలుపు వేసుకుని కూర్చున్నప్పుడల్లా నాకు ఆ ప్రశ్న గుచ్చుకునేది.

అదే పాశురం నన్ను ఇంకోసారి కూడా ఆదుకుంది. మావాడు సైకిలు తోసినాడని ఎదురింటి పిల్ల కింద పడి పెదవి చిట్లించుకుంది. ముందు ఆ పిల్లే గిల్లిందని మావాడు. వాళ్ళమ్మ ముఖం తిప్పుకుంది. నా దగ్గరా మాటలు తయారుగానే ఉన్నాయి. వాదించుకుంటున్న గోపికల్లో లోపలున్న పిల్ల "నానేదానాయిడుగ" అంటుంది, పోనీ, తప్పు నాదే కానీ అని. తిరుప్పావై సారమంతా ఆ మాటలోనే ఉందని పెద్దలు చెబుతారు. పోయి, తప్పు మావాడిదేనని చెప్పి వచ్చాను. చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది. ఆమె ఏమీ అనలేదు. వారం గడిచింది. శుక్రవారం పొద్దున తలుపు తీస్తే గులాబీ చెప్పులు మా గుమ్మం ముందు ఉన్నాయి.

ధనుర్మాసం ఇరవై ఏడో రోజు కూడారై, ఇరవై ఏడో పాశురం పాడే పండగ. చెయ్యెత్తితే మోచేతి దాకా నెయ్యి కారేలా పాలబువ్వ తిని, "కూడి ఇరుందు కుళిర్ందు", అందరం కలిసి కూర్చుని చల్లబడాలని ఆ పాశురం. ఆ ఏడు పెద్ద గిన్నెలో పాలు, బెల్లంతో చేసే అక్కారవడిశల్ వండి అందరినీ పిలిచాను. పదిహేనో పాశురంలో అందరూ వచ్చినారా అని లోపలి పిల్ల అడిగితే వచ్చి లెక్కపెట్టుకో అంటారు కదా, మా చిన్నది అట్లాగే వేళ్ళతో లెక్కపెట్టింది. పదకొండు మంది పిల్లలు. దానికి పదికి పైన లెక్క రాదు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

అక్కడ ఎవరూ శాశ్వతం కాదు. ప్రతి ఎండాకాలం ఎవరిదో ఒకరి కాంట్రాక్టు అయిపోయి ఒక ఇల్లు ఖాళీ అయ్యేది. మాకంటే ముందు ఎదురింటి వాళ్ళే పోయారు, అలెగ్జాండ్రియాకు. సామాన్లు సర్దే హడావుడిలో మా గిన్నె వాళ్ళతో పోయింది. అవ్వ పేరు తెలుగులో ఉన్న గిన్నె ఇప్పుడు సముద్రం పక్కన ఎవరి వంటింట్లోనో ఉంది.

మొన్న నెలగంట రోజు ఆమె ఫోన్ చేసింది. గిన్నె పంపనా అని అడిగింది. వద్దన్నాను. ఎట్లాగూ ఖాళీగా పంపలేను, అందులో ఏం పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు అనింది.