మాస్ట్‌కి నేనే చేసి బిగించిన మెట్లు

నా పడవ మాస్ట్ (తెరచాపను మోసే నిలువు స్తంభం) కొసన లైటు మాడిందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది. నన్ను గుడ్డ కుర్చీలో కూర్చోబెట్టి పైకి లాగడానికి కింద ఇద్దరు కావాలి. ఒకరు దొరికితే ఇంకొకరు దొరకరు. మాస్ట్‌కే మెట్లుంటే నా కాళ్లతో నేనే ఎక్కొచ్చు, నడుము బెల్టుకు కట్టిన తాడు పట్టుకోవడానికి ఒక్కరు చాలు. అందుకే ఈసారి పడవను ఒడ్డుకెక్కించి మాస్ట్ దించినప్పుడు ఈ పని పెట్టుకున్నాను.

నాది 10 మీటర్ల అల్యూమినియం మాస్ట్. మొదటి మెట్టు డెక్ (పడవ పైతలం) నుంచి మీటరు ఎత్తులో, ఆ పైన 45 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, కుడికొకటి ఎడమకొకటి. అన్నిటికన్నా పైన మాత్రం ఒకే ఎత్తులో రెండు పెట్టాను. రెండు కాళ్లూ సమంగా ఆనితేనే చేతులు పని చేస్తాయి. మొత్తం 19 అయ్యాయి.

30 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పట్టీ తీసుకున్నాను. మొదట చేతికందింది 6061-టీ6 రకం. వైస్‌లో బిగించి సుత్తితో వంచితే, వంపు బయటి వైపున గోటికి తగిలేటంత సన్నటి బీటలు కనిపించాయి. గట్టిపరిచిన లోహం కదా, పదునైన మలుపును తట్టుకోదు. బీట ఉన్న మెట్టు మీద కాలు పెట్టి ఎనిమిది మీటర్ల ఎత్తులో నిలబడే ధైర్యం నాకు లేదు. వాటిని పక్కన పడేసి, తేలిగ్గా వంగే 5052 రకం అల్యూమినియం తెచ్చాను. దాన్ని గుండ్రటి ఇనుప కడ్డీ చుట్టూ తిప్పి వంచితే ఎక్కడా పగల్లేదు.

ఆకారం మూసిన త్రికోణం. కాలు పెట్టే భాగం అడ్డంగా, దాని చివర నుంచి ఏటవాలుగా పైకి వెళ్లి మాస్ట్‌ను కలిసే చెయ్యి ఒకటి, రెండు కొసల్లో రివెట్లు (రంధ్రంలో దూర్చి గన్‌తో బిగించే లోహపు మేకులు) వేయడానికి చెవులు. బరువు పడితే పై చెవి బయటికి లాగుతుంది, కింది చెవి మాస్ట్‌కేసి నొక్కుకుంటుంది. అందుకే పైన మూడు రివెట్లు, కింద రెండు. ఒకదాన్ని ముందుగా చెక్క స్తంభానికి బిగించి దాని మీద ఎగిరి చూశాను. కదల్లేదు.

అసలు కష్టమంతా మాస్ట్ దగ్గరే. దాని పక్క గుండ్రంగా ఉంటుంది, చెవులేమో చదునుగా ఉన్నాయి. వెనక టార్చి వేస్తే రెంటి మధ్య సందులోంచి వెలుతురు కనిపించేది. ఆ వెలుతురు పోయేదాకా ఒక్కో చెవినీ గొట్టం మీద పెట్టి కొట్టి, ఆకురాయితో అరగదీశాను. ఒక్క మెట్టుకు దాదాపు గంట పట్టింది. ఈ గంట మిగుల్చుకుందామని ఎవరూ అనుకోవద్దు.

స్టెయిన్‌లెస్ స్క్రూలు ఎందుకు వాడలేదంటే, పాత బిగింపుల చుట్టూ తెల్లటి పొడి, ఉబ్బిన పెయింటు నా మాస్ట్ మీదే చూశాను. ఉప్పునీరు తగిలితే స్టీలు పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. మోనెల్ (నికెల్, రాగి కలిసిన మిశ్రమ లోహం) రివెట్లు తీసుకున్నాను. అదీ వేరే లోహమే కాబట్టి ప్రతి రంధ్రంలో, చెవి కింద, లోహాలను వేరుచేసే పేస్టు పూశాను. 4.8 మిల్లీమీటర్ల రివెట్‌కు 4.9 డ్రిల్. లోపల వైర్లూ తాళ్లూ ఉన్నాయి కాబట్టి డ్రిల్ బిట్‌కు చెక్క ముక్క తొడిగి, కొన కొద్దిగా మాత్రమే లోపలికి వెళ్లేలా చేశాను. 95 రంధ్రాలు! మోనెల్ గట్టిది, చిన్న రివెట్ గన్‌కు లొంగలేదు, పొడుగు పిడుల గన్ కావాల్సి వచ్చింది.

మాస్ట్ నిలబెట్టిన రోజు రాత్రి లోపల టక్ టక్ మని చప్పుడు. రివెట్లు బిగించేటప్పుడు తెగిన వాటి కాడల ముక్కలు లోపల పడిపోయి, పడవ ఊగినప్పుడల్లా గోడకు కొట్టుకుంటున్నాయి. నిలబెట్టకముందే అడుగు మూత తీసి, మాస్ట్‌ను వంచి దులపాల్సింది. మళ్లీ దించి దులిపితే గుప్పెడు ముక్కలు, రజను రాలాయి.

మెట్లన్నీ కలిపి మూడు కిలోలు. అంత ఎత్తున ఆ బరువు పడవకు తెలుస్తుంది, గాలికి అడ్డం కూడా. పందేలకు వెళ్లే పడవకైతే నేను పెట్టను.

మొదటిసారి ఎక్కినప్పుడు పైన ఊగుడు ఎక్కువగా అనిపించినా కాళ్ల కింద గట్టిగా ఉంది. లైటు మార్చి దిగాను. తర్వాత తెరచాప ఎత్తుతుంటే దాని తాడు ఒక మెట్టు అడుగున తగులుకుంది. పైనుంచి జారే తాడు ఏటవాలు మీదుగా జారిపోతుంది గానీ, కిందినుంచి లాగేది అలా కాదు. మర్నాడు రెండు వైపులా మెట్ల కొసల్ని కలుపుతూ పైనుంచి డెక్ దాకా సన్నటి తాడు బిగించి కట్టాను. అప్పటినుంచి మళ్లీ తగులుకోలేదు.