బోడియం కోట చలికాలం ఫొటోలు: జనవరి దాకా జరిగిన పని

ఇంగ్లండ్‌లో ఈస్ట్ ససెక్స్‌లో ఉన్న బోడియం కోటని ఈ చలికాలమంతా నాలుగు వైపుల నుంచీ తీయాలని నవంబర్‌లో మొదలుపెట్టాను. జనవరి సగానికి వచ్చేసరికి దక్షిణం వైపు పని దాదాపు అయిపోయింది, పడమర సగంలో ఉంది, ఉత్తరం వైపు ఇప్పుడిప్పుడే దారికొస్తోంది, పొగమంచులో కోట మాత్రం ఇంకా దొరకలేదు. కెమెరా పట్టుకుని ఈ వైపు రావాలనుకునే మనవాళ్ళకి పనికొస్తాయని వివరాలన్నీ రాస్తున్నా.

ముందు ఎండ సంగతి చెప్పాలి, మిగతావన్నీ దాన్ని బట్టే ఉంటాయి. డిసెంబర్ 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, ఇక్కడ 16 డిగ్రీలు కూడా దాటడు. పొద్దున ఎనిమిదింటికి ఆగ్నేయంలో పైకొచ్చి, సాయంత్రం నాలుగులోపే నైరుతిలో దిగిపోతాడు, అంటే పగలంతా దక్షిణం వైపు ఆకాశంలోనే. బోడియం సింహద్వారమేమో ఉత్తరం వైపు ఉంది. పోస్టుకార్డుల మీద కనిపించే ఆ వంతెన, ఆ జంట బురుజులు, వాటి మీద చలికాలంలో ఒక్క ఎండపొడ కూడా పడదు. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఆ ఒక్క ఫ్రేమ్ కోసమే వస్తే నిరాశపడతారు, అందుకే చలికాలంలో వస్తే ముందు కందకం దక్షిణం గట్టు మీదకి వెళ్ళండి అంటాను. ఎండ ఎత్తుకి ఎక్కదు కాబట్టి పన్నెండు గంటలకి కూడా గోడ మీద ఏటవాలుగా, పసుపుపచ్చగా పడుతుంది. ఇసుకరాయి మీద ప్రతి గాటూ, ప్రతి అతుకూ తేలుతుంది. వేసవిలో ఉదయం, సాయంత్రం కాసేపే దొరికే వెలుతురు ఇక్కడ డిసెంబర్‌లో పూటంతా ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటేనే అనుకోండి, ఇంగ్లండ్ చలికాలంలో అదే అరుదు.

దక్షిణం గోడ మధ్యలో దిడ్డివాకిలి ఉన్న చదరపు బురుజు, రెండు మూలల్లో గుండ్రటి బురుజులు, వాటి కింద కందకం నీళ్ళు. గాలి లేని రోజు చూసుకుని వెళ్ళడమే ముఖ్యం. వెదర్ యాప్‌లో గాలి గంటకి ఐదు మైళ్ళ కంటే తక్కువ ఉంటేనే నేను కారు తీస్తాను, అంతకు మించితే ప్రతిబింబం చెదిరిపోతుంది. 24 ఎంఎం లెన్స్, ఎఫ్/9, ఐఎస్ఓ 100, ట్రైపాడ్‌ని బాగా కిందకి దించి పెట్టాలి. కెమెరా నీటిమట్టానికి ఎంత దగ్గరైతే ప్రతిబింబం అంత కాంతిగా వస్తుంది, పైగా గట్టు గడ్డి మీద పేరిన మంచు కూడా ఫ్రేమ్ కింద వరసగా పడుతుంది. అయినా నీళ్ళలోని కోట అసలు కోట కంటే ఒక స్టాప్ దాకా (అంటే సగం వెలుతురు) చీకటిగానే ఉంటుంది, ఆ తేడాని నేను రా ఫైల్లోనే (కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైలు) సరిచేస్తాను, ఫిల్టర్ వాడను. మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ అయితే తీసి జేబులో వేసుకోండి, అది ప్రతిబింబాన్నే మింగేస్తుంది. కెమెరాని పైకి గానీ కిందకి గానీ వంచకుండా సమంగా ఉంచితే బురుజులు వెనక్కి వాలినట్టు రావు, కింద ఎక్కువైన నీళ్ళని తర్వాత కత్తిరించుకోవచ్చు. మంచు పట్టిన గడ్డి ఎక్కువగా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ +0.7 (దాని లెక్క కంటే కాస్త ఎక్కువ వెలుతురు) పెడుతున్నా. ఇంకో మాట, గట్టు అంచున గడ్డి జారుతుంది, ట్రైపాడ్ రెండు కాళ్ళు వెనక్కీ ఒకటి నీళ్ళ వైపుకీ ఉండేలా పెట్టి, బ్యాగ్‌ని దాని కొక్కేనికి తగిలించండి.

బయటి నుంచి చూస్తే ఇది నిండు కోటలా ఉంటుంది, లోపల మాత్రం శిథిలం. 1385లో రెండో రిచర్డ్ రాజు అనుమతితో సర్ ఎడ్వర్డ్ డాలిన్‌గ్రిగ్ కట్టించాడు, ఫ్రాన్స్‌తో నూరేళ్ళ యుద్ధం నడుస్తున్న కాలం, ఈ తీరంలోని రై, వించెల్సీ ఊళ్ళ మీద ఫ్రెంచివాళ్ళు అప్పటికే దాడులు చేశారు. తర్వాత 17వ శతాబ్దంలో లోపలి కట్టడాలు పడగొట్టారు. ఈ గోడలు ఇలా నిలబడటం వెనక మనకి బాగా తెలిసిన పేరు ఒకటుంది, లార్డ్ కర్జన్. 1905లో బెంగాల్‌ని విడగొట్టిన ఆ వైస్రాయే. ఆ కోపంతో పుట్టిన వందేమాతరం ఉద్యమమే 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలతో రాజమండ్రి దాకా వచ్చింది. ఆ కర్జనే మన దగ్గర 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చాడు, ఇంటికెళ్ళాక 1917లో ఈ కోట కొని, కందకం నీళ్ళు తోడించి, గోడలు బాగుచేయించి, 1925లో చనిపోతూ పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకి రాసిచ్చాడు. బెంగాల్ విషయంలో ఆయన్ని నేను క్షమించలేను. కానీ ఆ మరమ్మతు పని శ్రద్ధగా జరిగిందని గోడ ముందు నిలబడి ఫొటో తీసే ఎవరికైనా తెలుస్తుంది.

లోపలి ముంగిట్లో చలికాలం ఫొటోలు కష్టం. పది మీటర్ల గోడకి 15 డిగ్రీల ఎండలో నీడ 37 మీటర్ల పొడుగు ఉంటుంది, కాబట్టి ముంగిలి చాలావరకు నీడే. అక్కడ దక్షిణం గోడ కిటికీ కంతల్లోంచి వచ్చే వెలుగు పలకల కోసం 50 ఎంఎం లెన్స్ పెట్టుకుని తిరగడం నాకు నచ్చింది.

ఉత్తరం వైపు ఎండ లేదు కాబట్టి పొద్దు గుంకాక తీస్తున్నా. అస్తమయమైన ఇరవై నిమిషాల నుంచి నలభై నిమిషాల దాకా గోడ మీద పడేది ఆకాశపు నీలం వెలుగే, అన్నివైపులా ఒకేలా ఉంటుంది, రాతి వివరాలు నెమ్మదిగా బయటికి వస్తాయి. 10 నుంచి 15 సెకన్ల ఎక్స్‌పోజర్, రెండేసి స్టాప్‌ల తేడాతో మూడు ఫ్రేములు తీసి కలుపుతాను, ఎందుకంటే కోట వెనకాల నైరుతి ఆకాశం ఇంకా వెలుగుతూ ఉంటుంది. అంత సేపు షటర్ తెరిచి ఉంచితే చిన్న అలలు సాపు అయిపోతాయి, ఈదే బాతులు కూడా కనిపించవు. కార్ పార్క్, ఆవరణ మూసే వేళలు చలికాలంలో మారతాయి, బయలుదేరే ముందు చూసుకోవాలి, లేకపోతే ఆ టెన్షన్‌లో ఫొటో సరిగ్గా రాదు. డ్రోన్ ఆలోచన ఉంటే వదిలేయండి, నేషనల్ ట్రస్ట్ స్థలాల్లో అనుమతి లేకుండా ఎగరేయనివ్వరు.

చలికి బ్యాటరీ సగం టైమే పనిచేస్తుంది. స్పేర్ బ్యాటరీలు చొక్కా జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకుంటే చాలు, అయిపోయిందని తీసిన బ్యాటరీ కూడా అక్కడ వెచ్చబడి ఇంకాసేపు నడుస్తుంది. లెన్స్ మీద తేమ పట్టకుండా చేతులు కాచుకునే వార్మర్ ప్యాకెట్ ఒకటి రబ్బరు బ్యాండ్‌తో చుట్టాను, బాగా పనిచేసింది. వెచ్చటి గాలికి తేమ పట్టకుండా, కారులోకి, ఇంట్లోకి వెళ్ళేముందు కెమెరాని బ్యాగులో పెట్టి జిప్ వేసి గంటపాటు తెరవకండి, మెమరీ కార్డు మాత్రం బయటే తీసేసుకోండి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తప్పనిసరి, రాదర్ నది పక్కన నేలంతా బురద.

ఇక మిగిలింది. పడమర గోడ మీద డిసెంబర్‌లో ఎండ బాగా పక్కకి పడింది, ఫిబ్రవరి మధ్యకి సూర్యుడు ఇంకాస్త పడమరకి జరిగి దిగుతాడు కాబట్టి అప్పుడు గోడ నిండుగా వెలుగుతుంది, ఆ వారాంతాలు ఖాళీ పెట్టుకున్నా. పొగమంచుకి వాన వెలిసిన మర్నాడు, తేటైన రాత్రి, అసలు గాలి లేని తెల్లవారుజాము కావాలి, అలాంటి సూచన కనిపిస్తే దూరాన్ని దగ్గరకి లాగే 70-200 లెన్స్‌తో ఉత్తరం వైపు మెరక మీద నుంచి తీస్తాను. సింహద్వారం మీద ఎండ పడే ఫొటో మార్చి 20 దాటాకే మొదలవుతుంది, దానికి వేరే లెక్కలు వేయాలి.