పార్కు గేటు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలి

హైదరాబాద్‌లో మా కాలనీ పార్కు గురించి ఆదివారం పొద్దున మీటింగ్ పెట్టారు. వచ్చే ఐదేళ్లలో ఏం కావాలో చెప్పమన్నారు. వేపచెట్టు కింద బల్ల మీద డ్రాయింగ్ పరిచి, గాలికి ఎగరకుండా మూలల్లో రాళ్లు పెట్టారు. ఓపెన్ జిమ్, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్... అన్నీ ఉన్నాయి. బాత్రూమ్ మాత్రం ఎక్కడా లేదు.

పక్కింటి పిన్నిగారు లేచి, "షుగర్ ఉన్నవాళ్లం బాబూ, అరగంట మించి ఎలా ఉండగలం?" అన్నారు. ఎవరికీ మాట రాలేదు. పదేళ్లుగా అక్కడే నడుస్తున్నా, నాకెప్పుడూ తట్టలేదు. నిజంగా బాధేసింది.

మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని కేంద్రం 2014 పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల్లో ఉంది. ఊళ్లో ఇందిరా పార్కు లాంటి పెద్దవి ఉన్నాయి, కానీ మా వెనక బస్తీ పిల్లలు రెండు బస్సులు మారితే గానీ అక్కడికి చేరలేరు. వాళ్లకి ఉన్నది ఈ అరెకరమే. అదీ పొద్దున పది కొట్టగానే తాళం. వేసవి సెలవుల్లో గేటు ఊచలు పట్టుకుని ఉయ్యాల వంక చూస్తూ నిలబడతారు.

ఫౌంటెన్ వద్దు, రెండు బాత్రూమ్‌లు కట్టి, గేటు రోజంతా తెరవండి అని రాసిచ్చాం. మొదటి సంతకం పిన్నిగారిదే. కళ్లజోడు తెచ్చుకోలేదని, ఎక్కడ పెట్టాలో నా వేలితో చూపించమన్నారు.