మూడు ప్లస్‌లు

నిద్ర పట్టక రాస్తున్నా. అత్తమ్మ రిపోర్టు ఇంకా టేబుల్ మీదే ఉంది. ఫాస్టింగ్ 118, బానే ఉంది. యూరిన్ షుగర్ దగ్గర మాత్రం మూడు ప్లస్‌లు, అంటే బాగా ఎక్కువని. కాగితం చేతికిచ్చిన ల్యాబ్ అబ్బాయి "మూత్రంలోకి షుగర్ దిగిందంటే కిడ్నీల మీద పడినట్టేనమ్మా" అనేశాడు, అదీ ఆమె ముందే! కనిగిరి వైపు పుట్టి, ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. ఆమె ముందు అనాల్సిన మాటేనా అది? మధ్యాహ్నం అన్నం కెలికి వదిలేసింది. పిన్నమ్మ ఫోన్ చేసి కొండపిండాకు కషాయం తాగమంది. సాయంత్రానికి మాట డయాలిసిస్ దాకా పోయింది.

అసలు సంగతి, ఆమెకు డాక్టర్ కొత్తగా రాసింది డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర. దాని పనే షుగర్‌ను మూత్రంలోకి పంపడం. కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడగడతాయి, అందులో ఉండే గ్లూకోజును దాదాపు మొత్తం సన్నటి గొట్టాలు మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే లాగడం వాటి వల్ల కాదు, చెరువు నిండి కలుజు పారినట్టు మూత్రంలోకి పోతుంది. ఈ మాత్ర ఆ కలుజు ఎత్తే తగ్గిస్తుంది, అందుకే 118 ఉన్నా మూడు ప్లస్‌లు. కిడ్నీ బాగా దెబ్బతింటే వడగట్టడమే తగ్గి, ఈ మాత్ర వేసుకున్నా మూత్రంలోకి ఇంత షుగర్ రాదు. పైగా 2020లో వచ్చిన డాపా-సీకేడీ పరిశోధనలో కిడ్నీ జబ్బు ముదరడాన్ని ఇదే మందు తగ్గించిందని తేలింది. చీటీ రాసేటప్పుడు ఒక్క ముక్క చెప్పుంటే ఈ రోజంతా ఇంట్లో ఈ ఏడుపు ఉండేది కాదు కదా. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా తాత గుర్తొచ్చాడు. ఆయన రోజుల్లో ఇంట్లోనే టెస్టు. పెరట్లో అరుగు మీద స్పిరిట్ దీపం, చెక్క పట్టకారుకు గాజు గొట్టం, అందులో నీలంగా మెరిసే బెనెడిక్ట్ ద్రావణం, దాంట్లో లెక్కపెట్టి ఎనిమిది చుక్కల మూత్రం. గొట్టాన్ని ఆడిస్తూ కాచేవాడు, పొంగి మీద పడుతుందని మమ్మల్ని దూరంగా నిలబెట్టేవాడు. నీలం అలాగే ఉంటే ఆయన ముఖం విప్పారేది. ఆకుపచ్చకు తిరిగితే "ఫరవాలేదబ్బయ్యా" అనేవాడు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగు వస్తే ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నీలం వచ్చిన రోజు మామిడిపండు ఒకటి ఎక్కువ తినేవాడు. వయసు మీద పడేకొద్దీ ఆ 180 హద్దు పైకి జరుగుతుందని, రక్తంలో 220 ఉన్నా గొట్టం నీలంగానే ఉండొచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చివరికి కళ్లు పోయాయి. ఆ నీలాన్ని ఎంత నమ్మాడో!

ఈ యూరిన్ షుగర్ టెస్టే దండగ, రిపోర్టులో తీసేయాలి అని రాద్దామని కూర్చున్నా. కాదులే. మా చెల్లికి కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో నార్మల్, మూత్రంలో షుగర్ కనిపించింది. గర్భంతో ఉన్నప్పుడు ఆ హద్దు కిందికి దిగడం మామూలే. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే కిడ్నీలోని గొట్టాలు షుగర్‌ను వదిలేస్తుంటాయి, దానివల్ల పెద్దగా హానీ ఉండదు. అరుదుగా ఆ గొట్టాల జబ్బే కావచ్చు. అంటే ఈ టెస్టు చెప్పేది ఉంది, కాకపోతే పక్కన రక్తం షుగర్, వేసుకునే మాత్రల పేర్లు పెట్టుకుని చదవాలి. కిడ్నీ వడపోత ఎలా ఉందో తెలియాలంటే చూడాల్సింది రక్తంలో క్రియాటినిన్, యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్. మన రిపోర్టులో ఆ ఆల్బుమినే లేదు! డబ్బులు మాత్రం ప్యాకేజీకి తీసుకున్నారు.

పొద్దున్నే ఆయన్ని పంపి అది రాయించుకు రమ్మంటా. ఏకాదశి ఉపవాసం సంగతి కూడా అడగాలి. ఈ మాత్ర వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది, ఆమేమో నీళ్లు కూడా ముట్టదు. ఉపవాసం మానేయమని డాక్టరే ఆమెకు నేరుగా చెప్పాలి, నేను చెబితే వినదు.