12:40 దగ్గర ఆగిన పాఠం

"ఆంటీ, కాసేపు వైఫై ఇస్తారా, ఒక్క పాఠం డౌన్‌లోడ్ చేసుకొని వెళ్ళిపోతాను" అంటూ ఇస్త్రీ బట్టలు తెచ్చిన అమ్మాయి ఈ సాయంత్రం మా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే మొహమాటపడి మెట్ల మీదే కూర్చుంది.

పదో తరగతి చదువుతోంది. ఆమె నోటుపుస్తకం మార్జిన్‌లో పెన్సిలుతో 12:40 అని రాసి ఉంది. నాన్న ఫోన్ తీసుకొని బండి దగ్గరికి వెళ్ళేసరికి వీడియో ఎక్కడ ఆగిందో గుర్తుండడానికట. మా వాడు అలాంటి పాఠాలనే ల్యాప్‌టాప్‌లో రెట్టింపు వేగంతో చూస్తాడు, ఆపైన ట్యూషన్‌కూ వెళ్తాడు.

కరోనా వల్ల బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు, టీవీ ఉన్న ప్రతి ఇంటికీ బడి వచ్చేసిందని నేనే సంబరంగా అందరికీ చెప్పాను. టీవీ లేని ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ముందుగా ఎవరి చేతికి వెళ్తుందో, అన్న చూశాక చెల్లెలి వంతు ఎప్పుడొస్తుందో అప్పుడు నాకు తట్టనేలేదు. పాఠం ఉచితమే కావచ్చు గానీ, దానికి కావలసిన డేటా, కాస్త నిశ్శబ్దం, పక్కన కూర్చొని సందేహం తీర్చే మనిషి ఉచితంగా దొరకడం లేదు.

వెళ్ళబోతూ ఆగి, త్రికోణమితిలోని సైన్ తీటాలో ఆ తీటా అసలు ఏమిటని అడిగింది. వీడియోను అడగడం కుదరదు కదా మరి! బట్టల మూట పక్కకు జరిపి, మెట్ల మీదే ఇద్దరం త్రిభుజం గీశాం.